ముగ్గులో నిలబడ్డ మా సారు

నెలకోసారి బెంగళూరు నుంచి మా అనంతపురం ఆఫీసుకు ఒక సారు వస్తారు. పని చేయడానికి కాదు, పని చూడటానికి. దీన్ని గెంబా నడక అంటారని ఆయనే సెలవిచ్చారు. గెంబా అంటే జపాన్ భాషలో అసలు జాగా, పని జరిగే చోటు. గదిలో కూర్చుని రిపోర్టులు చదివితే నిజం తెలియదు, నడిచి వెళ్లి కళ్లారా చూడాలి అన్నది దాని సారం. మంచి మాటే. ఆ నిజం ఎక్కడ పారిపోతుందోనని సారు వచ్చే తేదీని పది రోజుల ముందే మెయిల్ పెడతారు. అందరూ సహజంగా ఉండాలి, ఐడీ కార్డులు వేసుకోవాలి, టేబుళ్ల మీద టిఫిన్ బాక్సులు కనపడకూడదు.

జపాన్‌లో పోలీసులు నేరం జరిగిన చోటును కూడా గెంబా అనే అంటారు. మా సారు ఆ అర్థమే తీసుకున్నారేమోనని నాకు మొదటినుంచీ అనుమానం.

హైవే మీద వస్తూ పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీని కారు అద్దంలోంచి చూస్తారు కదా, ఆ ఊపు మా మెట్లెక్కేదాకా ఉంటుంది. మాది సప్తగిరి సర్కిల్ అవతల ఒక మొబైల్ షాపు మీద రెండో అంతస్తు. ఎరువుల కొట్లకు, నూనె మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. పద్నాలుగు మందిమి. ఎంత మెల్లగా నడిచినా తలుపు దగ్గర మొదలైన నడక నీళ్ల క్యాన్ దగ్గర అయిపోతుంది. అందుకే కాబోలు, పోయిన నెల సారు నిలబడే విద్య నేర్చుకొచ్చారు.

టయోటాలో తైచి ఓనో అనే పెద్దాయన ఉండేవాడు. ఫ్యాక్టరీ నేల మీద సుద్దముక్కతో ఒక గుండ్రం గీసి, ఇంజనీరును అందులో నిలబెట్టి, చూస్తూ ఉండమని చెప్పి వెళ్లిపోయేవాడు. గంటల తర్వాత వచ్చి ఏం చూశావని అడిగేవాడు. చాలనిపించే జవాబు రాకపోతే ఇంకాసేపు నిలబడాలి. అక్కడ పరీక్ష గుండ్రంలో ఉన్నవాడికి. పని చేసుకునేవాడికి కాదు. ఈ చిన్న తేడా బెంగళూరు నుంచి వచ్చేలోపు దారిలో ఎక్కడో జారిపోయింది.

మా టైల్స్ మీద సుద్దముక్క పడలేదు. సారు ముగ్గుపిండి తెప్పించారు. మా సీనియర్ డెవలపర్ కుర్చీ వెనక నిండైన గుండ్రం పోయించి, బూట్లు విప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, బూట్లతోనే లోపలికి దిగారు. చేతిలో అట్ట, అట్టకు కాగితం, చెవి మీద పెన్ను. ఆ రోజు మంగళవారం. ఊడవడానికి వచ్చిన ఆయమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "నట్టింట్లో ముగ్గేసుకుని మనిషి కదలకుండా నిలబడుకోనుంటే నేను దాటేదెట్లప్పా?" అని నా చెవిలో గొణిగి, కిందికి పోయి ఒక నిమ్మకాయ తెచ్చి గీత పక్కన పెట్టింది. సారు దాన్ని మా ప్రాంతపు మర్యాద అనుకుని నమస్కారం పెట్టారు. టీ అబ్బాయి గీత దాకా వచ్చి గ్లాసు చాచాడు, లోపలికి అడుగు పెట్టనన్నాడు. సారేమో బయటికి రాకూడదు. ఇద్దరి చేతుల మధ్య జానెడు దూరం. టీ చల్లారిపోయింది. సారు కాగితం మీద రాసుకున్నారు: "టీ సరఫరాలో జాప్యం."

మిగతా రాతలు కూడా సాయంత్రం తెర మీద వేసి చూపించారు. సీనియర్ నలభై నిమిషాలు కిటికీలోంచి బస్సులను చూశాడు: వృథా. (రౌండాఫ్‌లో పోతున్న ఒక్క రూపాయి ఎక్కడ జారుతోందో ఆయన బుర్రలో వెతుకుతున్నాడు. ఆ రోజే దొరికింది కూడా.) ఒకే తెర ముందు ఇద్దరు కూర్చుని మాట్లాడుకున్నారు: ఒక పనికి ఇద్దరు, వృథా. మూలన కొత్తగా చేరిన కుర్రాడు తల ఎత్తకుండా గంటసేపు టపటపా కొట్టాడు: ఆదర్శం, అందరూ నేర్చుకోవాలి. వాడు పెళ్లిచూపులకు ఎవరెవరు వస్తున్నారో వాళ్లక్కతో చాటింగ్ చేస్తున్నాడు. వాడికి చప్పట్లు కొట్టించారు. మేమూ కొట్టాం, పెళ్లి కుదరాలని.

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లను చూడండి. నడుం వంచి నేలను చూస్తారు, పక్కవాడి వీపును చూడరు. కార్ల ఫ్యాక్టరీలో సగం తయారైన సరుకు కుప్పలుగా కళ్లకు కనిపిస్తుంది. మా సరుకు కనపడదు. మేరీ, టామ్ పాపెన్‌డిక్ దంపతులు 2003లోనే ఒక పుస్తకంలో, ఫ్యాక్టరీలో ఏమేం వృథానో చెప్పే టయోటా జాబితాను సాఫ్ట్‌వేర్‌కు మళ్లించి, గోడౌన్‌లో మూలిగే సరుకుకు బదులు సగంలో ఆగిన పనిని మొదట పెట్టారు. ఆ ఆగిన పని మా కుర్చీల్లో ఉండదు. ఒకరు చూసి సరేననాలి, ఒకరు టెస్ట్ చేయాలి, ఒకరు అప్రూవ్ చేయాలి. ఆ సందుల్లో పడి ఉంటుంది. పోయిన నెల ఒక చిన్న మార్పుకు మేం పని చేసింది రెండు రోజులు, అది గడప దాటడానికి పట్టింది ముప్పై మూడు రోజులు. అందులో ఇరవై ఆరు రోజులు సారు మెయిల్ బాక్సులోనే ఉంది. ఆయన ముగ్గు వేసుకోవాల్సింది తన లాప్‌టాప్ చుట్టూ.

ఇంతవరకూ నవ్వుకున్నాం. శుక్రవారం సంగతి చెబితే నాకు నవ్వు రాదు.

ధర్మవరంలో మా చిన్నాయన మగ్గం నేస్తాడు. పడుగులో ఒక పోగు తెగితే చెయ్యి దానంతటదే ఆగుతుంది. పోగు వెతికి, ముడి వేసి, అప్పుడే మళ్లీ నాడె కదిలిస్తాడు. ఆగకుండా నేస్తే తప్పు చీర పొడుగునా పోతుందని ఆయనకు ఎవరూ పాఠం చెప్పలేదు. టయోటా వంశానికి మూలపురుషుడు సకిచి టయోడా చేసింది కూడా మగ్గాలే. 1924 నాటి ఆయన మగ్గం పోగు తెగితే తనే ఆగిపోయేది. కార్ల ఫ్యాక్టరీలో తాడు లాగి లైను ఆపే హక్కు కార్మికుడికి వచ్చింది ఆ ఆలోచన నుంచే. తాడు లాగితే పైవాడు పరిగెత్తుకుని రావాలి, సాయం చేయడానికి.

ఆ శుక్రవారం మా టెస్టింగ్ అమ్మాయి తాడు లాగింది. కొత్త వెర్షన్ వదలొద్దని చెప్పింది. సారు వచ్చారు, అసలు కారణం దొరికేదాకా వరసగా ఎందుకని అడిగే 'ఐదు ఎందుకులు' పద్ధతి ప్రయోగించారు. అందరి ముందూ.

"ఎందుకు ఆపావు?" "బిల్లులో జీఎస్టీ రెండుసార్లు పడుతోంది సార్." "ముందే ఎందుకు చూడలేదు?" "నిన్న సాయంత్రమే నా దగ్గరికి వచ్చింది సార్." "రాత్రి ఎందుకు కూర్చోలేదు?" "టెస్ట్ సర్వర్ ఒకటే సార్, రాత్రి డెవలపర్లకు ఇచ్చారు." "ఇంకోటి ఎందుకు అడగలేదు?" "అడిగాను సార్, మూడు నెలలైంది. మీ అప్రూవల్‌లో ఉంది." "మరి నాకు ఎందుకు గుర్తు చేయలేదు?"

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లింది. తప్పు దొరికింది కాబట్టి మీటింగ్ ముగిసింది.

ఓనో చెప్పిన ఐదు ఎందుకుల లెక్క ఇలా ఉంటుంది. యంత్రం ఆగింది. ఎందుకంటే లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. బేరింగుకు నూనె చాలలేదు కాబట్టి. నూనె పంపు సరిగా తోడలేదు కాబట్టి. పంపు ఇరుసు అరిగింది కాబట్టి. జల్లెడ లేక ఇనుపరజను లోపలికి పోయింది కాబట్టి. ఐదో జవాబు దగ్గర దొరికింది ఒక జల్లెడ! ఆడపిల్ల కాదు. ఐదు ప్రశ్నలు వేసి ఒక మనిషిని ఏడిపించడానికి జపాన్ దాకా పోవాలా? మన పోలీస్ స్టేషన్లు లేవా? నాలుగో జవాబులో తన పేరే వినపడ్డాక కూడా ఐదో ప్రశ్న అడిగినవాడికి కళ్లెందుకు, అట్టెందుకు? మేమూ అక్కడే ఉన్నాం, పదమూడు మందిమి. ఒక్కడూ నోరు తెరవలేదు. నేను కూడా.

ఆ ఆదివారం చుట్టాల పెళ్లికి కళ్యాణదుర్గం పోతూ ఒక ఎరువుల కొట్టు దగ్గర ఆగాను. మా సాఫ్ట్‌వేరే వాడతారు. వాన పడి కౌంటర్ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు, కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది. కొట్టాయన నోట్‌బుక్కులో బిల్లు రాస్తున్నాడు. "మీదేనా? బాగుందప్పా. రాత్రి అన్నం తిన్నాక మా పాప అన్నీ దాంట్లోకి ఎక్కిస్తుంది" అన్నాడు. ఒక్క బస్తా అమ్మాలంటే ఏడు పేజీలు దాటాలట. అరగంట పక్కన నిలబడి చూశాను. ముగ్గు వేయలేదు.

ఏడు పేజీలను ఒకటి చేద్దామని సోమవారం రాసి పంపాను. అది అప్రూవల్‌లో ఉంది. వచ్చే నెల నడక ఆ కొట్టు దాకా పెట్టుకుందామని సారును పిలిచాను కూడా. ఆయన ఆసక్తిగానే విన్నారు. అక్కడ పార్కింగ్ ఉందా అని అడిగారు.