ఓఆర్‌ఎమ్ ఉంటే ఎస్‌క్యూఎల్ అక్కర్లేదన్న మాట ఎందుకు తప్పు

వెబ్ అప్లికేషన్లు రాయడం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు ఒక సలహా పదే పదే అందుతోంది. జాంగో, రైల్స్, లారావెల్, హైబర్నేట్ లాంటి టూల్స్‌తో ఓఆర్‌ఎమ్ (టేబుళ్లలోని డేటాను కోడ్‌లో ఆబ్జెక్టులుగా చూపించి, క్వెరీలు తానే రాసే లైబ్రరీ) దొరుకుతుంది కాబట్టి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) మీద సమయం పెట్టొద్దని. దానికి చెప్పే కారణాలు ఐదు: ఓఆర్‌ఎమ్ మనకన్నా మంచి క్వెరీలు (డేటాబేస్‌కు పంపే ఆదేశాలు) రాస్తుంది, ఇంజెక్షన్ (యూజర్ ఇచ్చిన మాట ఎస్‌క్యూఎల్ ఆదేశంగా నడిచిపోవడం) భయం ఉండదు, డేటాబేస్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, డేటా తనిఖీలన్నీ మోడల్‌లోనే (టేబుల్‌కు కోడ్‌లో ఉండే క్లాస్‌లోనే) పెట్టుకోవచ్చు, ట్రాన్సాక్షన్ల (అయితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదన్నట్టు కట్టగట్టిన మార్పుల) సంగతి ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది. ఓఆర్‌ఎమ్ నేనూ వాడతాను, వాడమనే చెబుతాను. కానీ ఈ ఐదింటిలో ఏదీ పూర్తిగా నిజం కాదు. చివరి రెండూ నమ్మితే డేటానే పాడవుతుంది.

మొదటిది క్వెరీల నాణ్యత. ఓఆర్‌ఎమ్ రాసే ఒక్కొక్క క్వెరీ సాధారణంగా బాగానే ఉంటుంది. చిక్కు వచ్చేది ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయన్న దగ్గర. వంద ఆర్డర్లు తెచ్చి, ఒక్కో ఆర్డర్ పక్కన కస్టమర్ పేరు చూపించాలనుకోండి. లూప్‌లో ఆర్డర్ నుంచి కస్టమర్‌ను, కస్టమర్ నుంచి పేరును అడగడం చూడ్డానికి మామూలు ఆబ్జెక్టు చదివినట్టే ఉంటుంది. వెనకాల మాత్రం ఆర్డర్లకు ఒకటి, కస్టమర్లకు వంద, మొత్తం 101 క్వెరీలు నడుస్తాయి. ఎన్ ప్లస్ వన్ సమస్య అనేది దీన్నే. మీ ల్యాప్‌టాప్‌లో పది వరుసలతో పరీక్షించినప్పుడు ఇది బయటపడదు. డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉండి, ఒక్కో రాకపోకకు 2 మిల్లీసెకన్లు పట్టిందంటే, ఆ పేజీ 200 మిల్లీసెకన్లకు పైగా ఊరికే ఎదురుచూస్తూ గడుపుతుంది.

దీనికి విరుగుడు అన్ని ఓఆర్‌ఎమ్‌లలోనూ ఉంది. జాంగోలో సెలెక్ట్ రిలేటెడ్, ప్రీఫెచ్ రిలేటెడ్ అని రెండున్నాయి. మొదటిది జాయిన్ చేస్తుంది (రెండు టేబుళ్లను ఒకే క్వెరీలో కలిపి తెస్తుంది), రెండోది ఐడీల జాబితాతో విడిగా మరో క్వెరీ పంపుతుంది. జాయిన్ అంటే ఏమిటో తెలియనివాళ్లు వీటిలో ఏది ఎక్కడ పెట్టాలో ఎలా తేల్చుకుంటారు?

ఇండెక్సుల (టేబుల్ మొత్తం చదవకుండా వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచికల) దగ్గర కూడా ఇదే పరిస్థితి. తయారైన సమయం ఉన్న కాలమ్‌కు మామూలు ఇండెక్స్ పెట్టి, జాంగోలో డేట్ లుకప్‌తో ఒక రోజు రికార్డులు అడిగితే, ఆ కాలమ్‌ను ముందు తేదీగా మార్చే క్వెరీ తయారవుతుంది. అప్పుడు ఆ ఇండెక్స్ అక్కరకు రాదు. ఇయర్ లుకప్‌నైతే జాంగోనే మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఒక పరిధిగా మార్చి పంపుతుంది, ఇండెక్స్ పనిచేస్తుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తయారైన ఎస్‌క్యూఎల్‌ను చదివితేనే తేడా తెలుస్తుంది. పేజీల విషయమూ అంతే: లక్ష వరుసలు దాటించి తర్వాతి 20 ఇమ్మని ఆఫ్‌సెట్‌తో అడిగితే, డేటాబేస్ ఆ లక్షనూ చదివి పారేసి మరీ 20 ఇస్తుంది. చివరగా చూపించిన ఐడీ కన్నా పెద్దవి 20 ఇమ్మని ఐడీ వరుసలో అడిగితే ఇండెక్స్‌లో నేరుగా అక్కడికే వెళ్తుంది.

రెండో కారణం ఇంజెక్షన్. విలువల వరకు ఈ మాట నిజమే. ఓఆర్‌ఎమ్ వాటిని పారామీటర్లుగా, అంటే ఎస్‌క్యూఎల్ వాక్యంలో కలపకుండా విడిగా పంపుతుంది, అది పెద్ద మేలు. కానీ కాలమ్ పేర్లను పారామీటర్లుగా పంపడం కుదరదు. ఏ కాలమ్ ప్రకారం వరుస పెట్టాలో యూజర్ చెప్పిన మాటను తెచ్చి మనం నేరుగా రాసిన ఎస్‌క్యూఎల్‌లో అతికిస్తే తలుపు తెరిచినట్టే. అనుమతించిన పేర్ల జాబితా ఒకటి పెట్టుకుని, అందులో ఉంటేనే ముందుకు పంపాలి. ఓఆర్‌ఎమ్‌లోనే లోపం ఉన్న సందర్భాలూ ఉన్నాయి. 2022లో బయటపడ్డ సీవీఈ-2022-28346 (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే నంబర్) అలాంటిదే: జాంగోలోని యానొటేట్, అగ్రిగేట్, ఎక్స్‌ట్రా మెథడ్‌లకు బయటి నుంచి వచ్చిన డిక్షనరీని విప్పి ఇస్తే, కాలమ్ మారుపేరు ద్వారా ఇంజెక్షన్ సాధ్యమైంది. 2.2.28, 3.2.13, 4.0.4 వెర్షన్లలో దాన్ని సరిచేశారు.

డేటాబేస్ మార్పు గురించి ఎక్కువ చెప్పను. ఒరాకిల్ డేటాబేస్ ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గా (విలువే లేనట్టుగా) చూస్తుంది, పోస్ట్‌గ్రెస్ చూడదు. ఫారిన్ కీ (మరో టేబుల్‌లోని వరుసను సూచించే) కాలమ్‌కు మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇంజిన్ ఇన్నోడీబీ తానే ఇండెక్స్ పెడుతుంది, పోస్ట్‌గ్రెస్ పెట్టదు. టేబుల్ మార్పు సగంలో విఫలమైతే పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ మొత్తాన్ని రోల్‌బ్యాక్ చేయొచ్చు (వెనక్కి తీసుకోవచ్చు). మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ మార్చే ఆదేశమే అప్పటిదాకా చేసినదాన్ని కమిట్ చేసేస్తుంది (శాశ్వతం చేసేస్తుంది). ఈ తేడాలను ఏ ఓఆర్‌ఎమ్ పూర్తిగా దాచలేదు.

నాలుగో కారణం దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ నష్టం వెంటనే కనబడదు. ఒకే ఈమెయిల్ రెండుసార్లు రాకూడదని రైల్స్ మోడల్‌లో యూనిక్‌నెస్ వ్యాలిడేషన్ పెట్టారనుకోండి. అది ముందు ఆ ఈమెయిల్ టేబుల్‌లో ఉందా అని అడుగుతుంది, లేకపోతే ఇన్సర్ట్ చేస్తుంది. ఒకే ఈమెయిల్‌తో రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే రెండింటికీ లేదనే జవాబు వస్తుంది, రెండూ ఇన్సర్ట్ అవుతాయి. బటన్‌ను ఎవరో వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలు. ఈ సంగతి రైల్స్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, యూనిక్ ఇండెక్స్ పెట్టుకోమని కూడా అదే చెబుతుంది. జాంగోలోనైతే సేవ్ పిలిచినంత మాత్రాన మోడల్ వ్యాలిడేటర్లు నడవవు, ఫుల్ క్లీన్‌ను విడిగా పిలవాలి. మోడల్‌లోని తనిఖీ యూజర్‌కు మంచి ఎర్రర్ మెసేజ్ చూపించడానికి. డేటాను కాపాడేది మాత్రం టేబుల్ మీద ఉన్న యూనిక్, నాట్ నల్, చెక్, ఫారిన్ కీ నియమాలే. ఏ స్క్రిప్టు నుంచి రాసినా, ఏ భాషలో రాసినా అవి వర్తిస్తాయి.

ఇక ట్రాన్సాక్షన్లు. ఒక ఖాతాలో 1000 పాయింట్లున్నాయి. 800 చొప్పున ఖర్చుపెట్టే రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వచ్చాయి. రెండూ 1000 అని చదివాయి, రెండూ సరిపోతాయనుకున్నాయి, రెండూ 200 అని రాశాయి. ఖర్చయింది 1600, ఖాతాలో ఇంకా 200. ట్రాన్సాక్షన్ పెట్టాం కదా అంటారు. ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లను ఒకదాన్నుంచి ఒకటి ఎంతగా విడదీయాలో చెప్పే స్థాయిని ఐసొలేషన్ అంటారు. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్ ఐసొలేషన్ రీడ్ కమిటెడ్, ఇన్నోడీబీది రిపీటబుల్ రీడ్. మామూలు సెలెక్ట్‌తో చదివి రాస్తే ఈ తప్పును రెండూ ఆపవు. లెక్కను కోడ్‌లో చేయకుండా డేటాబేస్‌కే వదలాలి: బ్యాలెన్స్ 800 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే 800 తగ్గించమని ఒకే అప్‌డేట్. మారిన వరుసలు సున్నా అయితే ఖర్చును తిరస్కరించాలి. జాంగోలో ఎఫ్ ఎక్స్‌ప్రెషన్ ఉన్నది ఇందుకే. చదివాక ఇంకా చాలా నిర్ణయాలు తీసుకోవాల్సి ఉంటే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో ఆ వరుసకు తాళం వేయాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఐసొలేషన్‌ను రిపీటబుల్ రీడ్‌కు పెంచితే రెండో ట్రాన్సాక్షన్ ఎర్రర్‌తో ఆగిపోతుంది, దాన్ని మళ్లీ నడిపించే కోడ్ మీరే రాయాలి.

నేర్చుకోవాల్సింది కొండంత ఏమీ లేదు. జాయిన్లు, గ్రూప్ బై, ఇండెక్స్ ఎప్పుడు పనిచేస్తుంది, కన్‌స్ట్రెయింట్లు (టేబుల్ మీద పెట్టే నియమాలు), లాకులు. వీటితోపాటు డెవలప్‌మెంట్‌లో క్వెరీ లాగ్ ఎప్పుడూ తెరిచి ఉంచండి, పేజీ ఎన్ని క్వెరీలు పంపుతోందో చూడండి. నెమ్మదిగా ఉన్నదాన్ని తీసి, డేటాబేస్ దాన్ని ఎలా నడుపుతోందో (ప్లాన్) చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో నడపండి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక జాగ్రత్త తీసుకోవాలి: అది క్వెరీని నిజంగానే అమలు చేస్తుంది. అప్‌డేట్‌నో డిలీట్‌నో పరిశీలించాలంటే ముందు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ప్లాన్ చూశాక రోల్‌బ్యాక్ చేయండి.