ఏడు రోడ్లు, ఏడు లేయర్లు

కడపలో ఏడు రోడ్ల కూడలి ఉంది కాబట్టే కంప్యూటర్ల మధ్య సమాచారం ఎలా పోతుందో అంచెలంచెలుగా చెప్పే ఓఎస్‌ఐ మోడల్‌కి ఏడు లేయర్లు పెట్టారని రేపు ఏ కోచింగ్ సెంటర్ సారైనా చెప్తే నేను ఆశ్చర్యపోను. మా ఊళ్లో నెట్‌వర్కింగ్ అంటే ఆ ఏడు పేర్లే మరి. కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి. ఆ పేర్ల మొదటి అక్షరాలు మరిచిపోకుండా 'ప్లీజ్ డు నాట్ త్రో సాసేజ్ పిజ్జా అవే' అని ఒక మంత్రం కూడా ఉంది. సాసేజ్ మొహం చూసిన పిల్లోడు క్లాసులో ఒక్కడూ ఉండడు, అయినా దాన్ని పారెయ్యొద్దని పొద్దున్నే కోరస్‌లో బతిమాలుతుంటారు.

అలాంటి ఒక విద్యాలయంలో మొన్న నెట్ పోయింది. సారు గంభీరంగా ఐపీకాన్ఫిగ్ కొట్టారు, నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కున్న ఐపీ అడ్రస్ చూపించే కమాండ్ అది. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపించింది. "ఐపీ వచ్చింది కదరా, మన వైపు ప్రాబ్లం లేదు" అని తేల్చేశారు. అడ్రస్‌లు పంచిపెట్టే డీహెచ్‌సీపీ సర్వర్ పలక్కపోతే కంప్యూటర్ తనకు తానే తగిలించుకునే అడ్రస్ అది, పిలుపు రానివాడు తన పేరున తనే శుభలేఖ రాసుకున్నట్టు. అంతటితో ఆగారా? 127.0.0.1కి పింగ్ కొట్టి, అంటే 'ఉన్నావా' అని పలకరించి, "రిప్లై ఎంత ఫాస్టో చూడండి" అన్నారు. కంప్యూటర్ తనతో తానే మాట్లాడుకుంటోంది మహాప్రభో! ముందు బెంచీలు ట్రాన్స్‌పోర్ట్ లేయర్ అన్నాయి, వెనక బెంచీలు సెషన్ లేయర్ అన్నాయి, వాదన టీ వేళ దాకా సాగింది. చివరికి నెట్ కుర్రాడొచ్చి, నెట్ కేబుల్ చివర క్లిప్పు విరిగి వేలాడుతున్న ఆర్‌జే45 ప్లగ్గు కత్తిరించి, తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం అని గొణుక్కుంటూ ఎనిమిది వైర్లూ వరసలో పెట్టి, కొత్తది క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, పోయాడు.

సారు వెనక్కి తిరిగి, "చూశారా, ఫిజికల్ లేయర్! మొదటి రోజే చెప్పా" అన్నారు.

నవ్వుకోండి. నాకైతే ఒళ్లు మండుతోంది. ఆ క్లాసులో ఒక పిల్లోడికి శెనక్కాయలమ్మి నాన్న కట్టిన ఫీజది. కోర్సంతా అయినా ఆ పిల్లోడి చేతికి క్రింపింగ్ టూలు ఇచ్చిన పాపాన పోలేదు. మీ ఫ్లెక్సీ మీద మాత్రం '45 రోజుల్లో నెట్‌వర్క్ ఇంజినీర్, ఉద్యోగం గ్యారంటీ' అని మీ ఫొటోతో సహా వేసుకుంటారు, సిగ్గుండాలి కదా! వాడు నమ్మి రాత్రి బస్సెక్కి బెంగళూరు పోయాడు. హెల్ప్‌డెస్క్ ఇంటర్వ్యూలో, "8.8.8.8కి పింగ్ వెళ్తోంది, వెబ్‌సైట్ పేరు కొడితే తెరుచుకోవట్లేదు, ముందేం చూస్తావ్?" అని అడిగారు. 8.8.8.8 గూగుల్ సర్వర్, దానికి పింగ్ వెళ్తోందంటే నెట్ ఉన్నట్టే. పేరును ఐపీగా మార్చేది డీఎన్ఎస్, ముందు అక్కడ చూడాలి. ఇది ఒక్క పూట పాఠం. వాడు ఏడు లేయర్లూ తడుముకోకుండా అప్పజెప్పి వచ్చాడు.

తిరిగొచ్చి అడిగితే సారేమన్నారో తెలుసా? "డీఎన్ఎస్ అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తాదబ్బీ, దానికి ఫీజు వేరే."