ఎండాకు తెగులుపై కషాయం: ముందే చల్లితేనే ఫలితం

భీమిలి, పద్మనాభం, ఆనందపురం మండలాల్లో వరి పొట్టకొచ్చే రోజులూ తుపానుల రోజులూ ఒకటే. గాలివానకు ఆకులు ఒరుసుకుని చీలుతాయి. ఆ గాయాల్లోంచి, ఆకు అంచుల్లో ఉండే సహజ రంధ్రాల్లోంచి బాక్టీరియా లోపలికి చేరి నీటి నాళాలను పట్టేస్తుంది. అదే బాక్టీరియా ఎండాకు తెగులు. దీనికి చాలామంది రైతులు కొంటున్నది స్ట్రెప్టోమైసిన్ కలిసిన పొడి. క్షయ చికిత్సలో వాడే మందును చేలకు చల్లితే దానికి లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి. అందుకే సేద్యంలో ఈ వాడకాన్ని నిలిపివేసేందుకు కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది.

వేప వంటి మొక్కల కషాయాలను మేం సమర్థిస్తున్నాం. అయితే వాటిని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేయడం రైతుకు ద్రోహమే. కషాయం ఆకు పైపైనే పనిచేస్తుంది, నాళాల్లోకి దిగిన బాక్టీరియాను అందుకోలేదు. చేను సగం ఎండాక చల్లి, పనిచేయలేదని వేపను నిందించి లాభం లేదు.

ముందు తెగులును గుర్తుపట్టాలి. ఆకు కొన నుంచి అంచుల వెంట పసుపు చార అలలు అలలుగా కిందికి దిగుతుంది. తెల్లవారుజామున ఆ చారల మీద పాలలాంటి చుక్కలు కనిపిస్తాయి, ఎండెక్కాక పసుపు పూసల్లా గట్టిపడతాయి. అనుమానముంటే మచ్చ అంచున ఆకును ముక్కగా కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో నిలబెట్టాలి. కోసిన చోటు నుంచి కాసేపట్లో పొగలాంటి తెల్లని ధార దిగితే అది ఈ తెగులే. పొటాష్ లోపంతో ఎండిన ఆకు నుంచి ఏమీ రాదు.

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ తెగులుకు 5 శాతం వేపగింజల కషాయాన్ని సూచిస్తోంది. పచ్చిపేడ 20 శాతం ద్రావణాన్ని తొలి మచ్చ కనిపించగానే ఒకసారి, పక్షం రోజులకు మరోసారి చల్లమని కూడా చెబుతోంది. కషాయానికి 5 కిలోల వేపపప్పు పొడిని పల్చని గుడ్డలో మూటగట్టి 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున తెల్లని పాలు దిగేదాకా మూటను పదేపదే పిండాలి. వడగట్టి 100 లీటర్లకు పెంచి, చల్లబోయే ముందు 100 గ్రాముల సబ్బుపొడి కలపాలి. ఎకరాకు 200 లీటర్లు కావాలంటే పొడి 10 కిలోలు.

కషాయం నాణ్యత దెబ్బతినేది ఎక్కువగా గింజ దగ్గరే. జూన్, జులైల్లో రాలిన పండ్ల గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టాలి. గోనె సంచిలో బూజు పట్టినవి, ఏడాది దాటినవి పనికిరావు. కషాయాన్ని మరిగించకూడదు. సున్నం, మైలుతుత్తం కలిపిన తెగుళ్ల మందు బోర్డో మిశ్రమంతో కలిపితే వేపలోని ముఖ్య పదార్థం అజాడిరాక్టిన్ విరిగిపోతుంది, మధ్యాహ్నపు ఎండకూ అంతే. సాయంత్రం చల్లాలి, తయారు చేసిన రోజే వాడేయాలి. గుడ్డ సరిగా లేకపోతే నాజిల్ మూసుకుపోయి పిచికారీ సగం చేనుకే ఆగిపోతుంది.

తెగులు కనిపించిన చేనుకు యూరియా పైపాటు ఆపాలి. మడిలో నీరు తీసేయాలి, ఆ నీటిని పక్క మడికి వదలకూడదు. నారు పీకేటప్పుడు కొనలు తుంచే అలవాటు బాక్టీరియాకు తలుపు తీయడమే. ఏటా తెగులు వచ్చే చోట సాంబ మసూరికి బదులు, తట్టుకునే మూడు జన్యువులతో హైదరాబాద్ శాస్త్రవేత్తలు రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేసుకోవడం ఏ కషాయం కన్నా గట్టి రక్షణ.

ఇక ప్రభుత్వం వంతు. వేపపండ్లు ఊరూరా మట్టిపాలవుతున్నాయి. రైతు సేవా కేంద్రాలు స్వయం సహాయక సంఘాల చేత వాటిని సేకరింపజేసి, తయారీ తేదీ ముద్రించిన పప్పు పొడిని సెప్టెంబరుకల్లా అందుబాటులో ఉంచాలి. ప్రయోగశాల గాజు పళ్లెంలో బాక్టీరియా చావడం వేరు, వానలో తడిసే చేలో నిలవడం వేరు. కాబట్టి కషాయం చల్లిన ప్రతి ప్రదర్శన క్షేత్రంలో ఒక పట్టీని చల్లకుండా వదిలి, కోతల నాడు రెండింటి దిగుబడినీ రైతుల ముందే తూచి, ఆ లెక్కను పంచాయతీ గోడ మీద రాయించాలి.