ఇంటర్న్‌ను రైడ్ కింద జమ కట్టండి

వినోద పార్కుల యాజమాన్యాల వారికి విన్నపం. వరంగల్, హన్మకొండ, జనగామ, మహబూబాబాద్ దిక్కు నుంచి తమ దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చే డిగ్రీ, పాలిటెక్నిక్, హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలను దయచేసి మనుషుల పద్దులోంచి కొట్టేసి యంత్రాల పద్దులో రాసుకోగలరు. కోపంతో అంటున్న మాట కాదిది. పార్కులో యంత్రానికి జరిగే మర్యాదను దగ్గర నుంచి చూసి, లెక్కలు వేసి, నిదానంగా చేస్తున్న ప్రతిపాదన.

రోలర్ కోస్టర్‌కు పొద్దు ఎట్లా పొడుస్తుందో చూడండి. గేటు తెరవకముందే మెకానిక్‌లు వచ్చి దాని ఒళ్లంతా తడుముతారు. ఒక్కో బోగీకి మూడు రకాల చక్రాలు: పట్టా మీద బరువు మోసేవి, పక్క నుంచి ఒరుసుకుంటూ దారి తప్పకుండా చూసేవి, బండి గాల్లోకి లేవకుండా పట్టా అడుగు నుంచి పట్టి ఉంచేవి. వాటి చుట్టూ ఉండే పాలీయురెథేన్ పొర చిట్లిందా, పెచ్చు లేచిందా అని వేలు పెట్టి చూస్తారు. బోల్టు బిగించిన రోజే బోల్టు తల మీద నుంచి కింది పలక దాకా పెయింటుతో సన్నటి గీత ఒకటి గీసి పెడతారు. ఆ గీత తెగి పక్కకు జరిగి కనపడిందంటే బోల్టు వదులైనట్టే. పానా తీయక్కర్లేదు, కన్ను చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని చప్పుడు చేసే పళ్లను కూడా చూస్తారు; గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టేవి అవే. తర్వాత ఖాళీ బండిని తిప్పుతారు, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి చూస్తారు, లాగ్‌బుక్‌లో సంతకాలు పెడతారు. సంతకం పడనిదే తాళంచెవి ఆపరేటర్ చేతికి రాదు.

ఇంటర్న్‌కూ పొద్దున తనిఖీ ఉంది, లేదనలేం. చొక్కా టక్ చేశాడా, గడ్డం గీశాడా, పేరు బిళ్ల వంకర పోయిందా అని చూస్తారు. మోకాలు మీద గీత గీసి, అది నిన్నటి చోటే ఉందా అని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

గీత ఎందుకంటారా? 24 సీట్ల బండిని 90 సెకన్లకు ఒకసారి వదిలితే గంటకు 40 ట్రిప్పులు, 960 మంది. ప్రతి ట్రిప్పుకూ ప్రతి ల్యాప్ బార్‌ను, అంటే తొడల మీద ఆనే కడ్డీని, కిందికి నొక్కాలి, మళ్లీ పైకి లాగాలి. నొక్కి వదిలేస్తే సరిపోదు. లాక్ పడిందా లేదా అన్నది లాగినప్పుడే తెలుస్తుంది. అటొకరు ఇటొకరు నిలబడితే మనిషికి గంటకు 480. ఆరు గంటల పనికి 2,880 సార్లు వంగి లేవాలి. ఐనవోలు మల్లన్నకు ఇన్ని దండాలు పెడితే మొక్కు తీర్చకుండా తప్పించుకోవడం ఆయన వల్ల కూడా కాదు. ఇక్కడ మూడు నెలలు పెడితే సర్టిఫికెట్ వస్తుంది.

వంగడం అయ్యాక అటెండెంట్, అంటే మన ఇంటర్న్, తన జాగాకు వచ్చి బటన్ నొక్కి పట్టాలి, క్యాబిన్‌లో ఆపరేటర్ తన బటన్ నొక్కాలి. రెండూ పడితేనే బండి కదులుతుంది. అటెండెంట్ ఇంకా బోగీల మధ్యనే ఉండగా బండి వెళ్లిపోకూడదని చేసిన ఏర్పాటు. చాలా మంచి ఏర్పాటు, ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు. వ్యంగ్యమంతా సూపర్‌వైజర్ చేతిలోని ట్యాబ్‌లో ఉంది. అక్కడ 90 సెకన్లు 120 అయితే గంటకు 30 ట్రిప్పులే, 720 మందే అని ఎర్ర అంకె వెలుగుతుంది. ఆ 30 సెకన్లు ఎక్కడ పోయాయి? ఒకాయన ఫోన్ జేబులోంచి తీయనంటాడు. ఇంకొకాయన బెల్టు పడ్డాక లేచి "మా బామ్మర్ది పక్కన కూసుంట" అంటాడు. ఒకామె చెప్పులు ఎక్కడ విడిచిందో మరిచి వాటి కోసం దిగుతుంది. ఇదే ఆలస్యం సెన్సర్ వల్ల జరిగితే లాగ్‌బుక్‌లో కారణం రాస్తారు, ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు. ఇంటర్న్ వల్ల జరిగితే కారణం గడిలో 'యాటిట్యూడ్' అని రాస్తారు. ఎలక్ట్రీషియన్ రాడు.

ఎత్తు కొలిచే కర్ర దగ్గర నిలబడ్డ పిల్ల సంగతి ఇంకోటి. అక్కడికి వచ్చే ప్రతి తండ్రికీ కొడుకు ఎత్తు ఇజ్జత్ కా సవాల్. "ఏందమ్మా, రెండు వేళ్ల మందం తక్కువున్నడు. హన్మకొండ నుంచి గింత దూరం అచ్చినం, జర సూడు" అంటాడు. ఈలోపు పిల్లగాడు మడమలెత్తుతాడు, తల్లి వాడి జుట్టు పైకి దువ్వుతుంది. కర్ర మీది గీత కంపెనీ సరదాకు పెట్టింది కాదని ఆ పిల్ల చెప్పాలి. బారు తొడల మీద, నడుము కింద ఆనితేనే మనిషి సీటులో ఉంటాడు. పొట్టి పిల్లకు అక్కడ సందు మిగిలి, బండి కిందికి దూకినప్పుడు జారుతుంది. పడవ ఊయలలో వరుసంతటికీ ఒకటే బారు ఉంటే మరీ జాగ్రత్త పడాలి. తండ్రి బొజ్జ దగ్గరే బారు ఆగిపోతుంది, పక్కన కొడుక్కు జానెడు ఖాళీ. అందుకే పిల్లల పక్కన పిల్లలనే కూర్చోబెట్టాలి. ఇదంతా నవ్వు చెదరకుండా, వెనక క్యూ ఈలలు వేస్తుండగా, అర నిమిషంలో చెప్పాలి. ఇదే మాట కర్ర చెప్పదు, కర్ర మీద ఎవరూ ఫిర్యాదు రాయరు. కాబట్టి కర్ర హోదా ఇచ్చినా మాకు సమ్మతమే.

నీళ్ల దిక్కు పోదాం. అలల కొలనులో ఫ్రీ క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలవని క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 1 నుంచి 3 పాళ్లు, నీటి ఆమ్ల-క్షార గుణం చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. గంటలు లెక్కపెట్టి గాజు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, రంగు చూసి రాసుకుంటారు. కళ్లు మండితే జనం "క్లోరిన్ దంచిన్రు" అంటారు. ఆ ఘాటు చాలాసార్లు క్లోరిన్ ఎక్కువై కాదు, చెమటతోనూ చెప్పకూడని ఇంకోదానితోనూ కలిసి క్లోరిన్ క్లోరమైన్‌గా మారడం వల్ల. దానికి విరుగుడుగా రాత్రి కొలను మూశాక ఇంకా ఎక్కువ క్లోరిన్ వేస్తారు. గెస్టుకు ఈ సంగతి వివరించబోయిన ఇంటర్న్‌ను ఆ పూట బట్టల తనిఖీకి మారుస్తారు. నూలు బట్టలతో నీళ్లలో దిగనివ్వరు. పోగులు ఊడి ఫిల్టర్లో చుట్టుకుంటాయి, రంగు దిగుతుంది. జంపఖానాలకు పేరుపడ్డ వరంగల్ కొత్తవాడ నుంచి వచ్చిన పిల్ల, సాటి ఆడమనిషి చీర కొంగు పట్టి చూసి "ఇది నూలక్కా, నడవది" అనాలి. నూలు పరీక్షలో మాత్రం ఆమెకు ట్రైనింగ్ అక్కర్లేదు, అది కంపెనీకి కలిసొచ్చిన లాభం.

ఎలుగుబంటి వేషం గురించి క్లుప్తంగా. లోపల మే నెల రామగుండం. ఇరవై నిమిషాలకు మించి ఉంచకూడదు, పక్కన ఒక తోడు మనిషి ఉండాలి, ఎందుకంటే లోపలివాడికి ఎలుగు నోట్లోని జాలీలోంచి కనిపించినంతే లోకం, పైగా మాట్లాడకూడదు. ఆదివారం నాడు ఆ తోడు మనిషిని పాప్‌కార్న్ కౌంటర్‌కు పంపుతారు. తోకలాగే పిల్లలకు ఆ కబురు ఎట్లా తెలుస్తుందో గాని తెలుస్తుంది.

ఇక భాష. అమెరికాలో డిస్నీ వాళ్లు పనివాళ్లను నాటకంలో వేషధారులన్నట్టు క్యాస్ట్ మెంబర్లు అంటారు, జనం కనపడే చోటు స్టేజీ, కనపడనిది బ్యాక్‌స్టేజీ. ఒక లోకపు వేషగాడు ఇంకో లోకంలో కనపడకూడదని 1971లో ఫ్లోరిడాలో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ కింద సొరంగ దారులే పెట్టారు. తవ్వితే నీళ్లు పడే నేల గనుక దారులు నేల మీద కట్టి, మట్టి పోసి, పార్కును పై అంతస్తులో పరిచారు. విద్యార్థులను పనికి పిలిచే కాలేజీ ప్రోగ్రాం అక్కడ 1981లో మొదలైంది. మన దాకా సొరంగాలు రాలేదు, మాటలు మాత్రం వచ్చాయి. "నేను క్యాస్ట్ మెంబర్‌ను" అని ఇంటికి ఫోన్ చేస్తే నాయినమ్మ "అండ్ల గుడ అడుగుతున్నరా బిడ్డా" అంటుంది.

మాటల మహిమ జీతం దగ్గర పూర్తిగా తెలుస్తుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు అని రాశారు. అప్రెంటిస్ అనే ఉంది, ఇంటర్న్ అని లేదు. అందుకే ఆఫర్ లెటర్‌లో మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఇంటర్న్, ఇంటర్న్, ఇంటర్న్. చేసేది అదే వంగుడు, అదే లేచుడు.

దీనికన్నా మేడారం జాతరలో జెయింట్ వీల్ తిప్పే మనిషి నయం. ఆయనకు ఏ లెటరూ లేదు. కానీ పని చూడండి: ఒక డబ్బా నింపి, చక్రం సగం తిప్పి, దాని ఎదురు డబ్బా నింపుతాడు. ఒకే పక్క నిండితే ఆ పక్క పైకెక్కేటప్పుడు మోటారు మూలుగుతుంది, కిందికి దిగేటప్పుడు చక్రం ఉరుకుతుంది. ఎవరి బరువెంతో అడగడు, మనిషిని చూసి ఏ డబ్బానో చెప్తాడు. చాయ్ తాగాలనిపిస్తే చక్రం ఆపి తాగుతాడు. క్యూ ఆగుతుంది. ట్యాబ్‌లో ఎర్ర అంకె వెలగదు, ట్యాబే లేదు.

అందువల్ల మా కోరికలు పెద్దవి కావు. ఇంటర్న్‌కు ఒక లాగ్‌బుక్. పొద్దున ఒక సంతకం, అది పడనిదే డ్యూటీ లేదు. బోగీలో ఒక బెల్టు పాడైతే ఆ ఒక్క సీటుకు గుడ్డ కట్టి మిగతావి నడుపుతారు కదా, అట్లాగే నడుము పట్టేసినవాడిని ఆ ఒక్క పనికి ఆపి కుర్చీలో కూర్చోబెట్టాలి. ఉరుములు మొదలైతే రైడ్లు ఆపుతారు. రైడ్లు ఆపారన్న కబురు జనానికి చెప్పడానికి వానలో నిలబెట్టే ఇంటర్న్‌ను కూడా ఆపాలి. చక్రం అరిగితే మారుస్తారు గాని చక్రాన్ని తిట్టరన్న సంగతి కూడా గమనించాలి.

ఒక్క చిక్కుంది. రైడ్ పాడైనప్పుడు గొలుసు కట్టి 'మరమ్మతులో ఉన్నది, అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని బోర్డు పెడతారు. జ్వరంతో వచ్చిన ఇంటర్న్ మెడలో వేయడానికి అంత చిన్న బోర్డు స్టోర్‌లో లేదట. ఉన్నవన్నీ నాలుగడుగులవి. మనిషి మొత్తం వెనక దాగిపోతాడు, పేరు బిళ్ల కనపడదు. పేరు బిళ్ల కనపడకపోతే గ్రూమింగ్ కింద ఒక మార్కు కోత.