ఆయిల్ గేజు పుల్ల గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆయిల్ గేజు పుల్ల గారికి,

పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డు తెలుగు మాస్టారు రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెట్టాలి గానీ, మీ కుశలం నేనెప్పుడడిగాను కనక? నాలుగేళ్లుగా నా కారు బానెట్ కింద, ఇంజన్లో నూనె ఎంతుందో చెప్పడానికి పీకల్లోతు నూనెలో నిలబడి ఉన్నారు. పైకి కనిపించేది ఆ పసుపు ఉంగరం ఒక్కటే. దానికి వేలు తగిలించి లాగితే నిజం చెప్తారు, లాగకపోతే నోరెత్తరు. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి గుమస్తా ఒకడుంటాడు. వాణ్ణీ ఎవరూ ఏమీ అడగరు.

మీ ఒంటి మీద రెండు గీతలు. చాలా కార్లలో వాటి మధ్య దూరం లీటరు నూనె అట. గీతల సంగతి మాకు చెప్పకండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీతకి మా ఊరు అటుపక్కకి పోయింది. పాతపట్నం వెళ్లి ఇడ్లీ తినొచ్చినా రాష్ట్రం దాటొచ్చినట్టే లెక్క. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. మీ రెండు గీతల భాషకి అలాంటి పంతులు దొరక్క నేను పడ్డ పాట్లు వినండి.

కారు ఆయిల్ తాగడం మొదలెట్టింది. (మా వీధి ఒడియా వాళ్లు ‘తెల ఖాఉచి’, అంటే తింటోంది అంటారు. తిన్నా తాగినా డబ్బా ఖాళీయే.) పక్షానికోసారి అరలీటరు పోసి చేతులు దులుపుకునేవాణ్ణి. మిమ్మల్ని లాగి చూడకపోవడానికి కారణం, డాష్‌బోర్డులో ఎర్రదీపం ఉందన్న ధీమా. తీరా తెలిసిందేమిటంటే, ఆ దీపం చెప్పేది నూనె ఎంతుందని కాదు, నూనె ఒత్తిడి పడిపోయిందని. చావు కబురు చల్లగా చెప్పే రకం.

ఊళ్లో మెకానిక్ బానెట్ ఎత్తకుండానే తేల్చేశాడు. “బోరు పోనాది మాస్టారూ. ఇంజిన్ దించీయాల. నలభై వేలు.” పాతపట్నంలో రెండో ఆయన, “రింగులు పోనాయి, దించీయాల” అన్నాడు, ముప్పై అయిదుకి. (బోరంటే పిస్టను ఆడే గొట్టం, రింగులంటే పిస్టను చుట్టూ ఉండే కట్లు.) వంశధార నీళ్ల మీద కుదరని ఏకాభిప్రాయం రెండు రాష్ట్రాలకీ నా ఇంజను మీద కుదిరింది. షోరూము అబ్బాయి మాత్రం వెయ్యి కిలోమీటర్లకి లీటరు దాకా మామూలేనని పుస్తకం తీసి చూపించాడు. మా బావమరిది పొగ ఆపే చిక్కటి మందు డబ్బా తెచ్చాడు. అది ఇప్పుడు మా వీధి తలుపుకి అడ్డు.

చివరికి టెక్కలి రోడ్డులో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక ముసలాయన. అడిగిన మొదటి మాట: “వెయ్యికి ఎంత తాగుతంది?” నీళ్లు నమిలాను. “ఏటి మాస్టారూ, పిల్లల మార్కులు రాసినోరు, ఇది రాయలేదా?”

అప్పుడు కదా మీ పాదాలు పట్టుకున్నది! నేను చూసిన ఆ ఒకటి రెండుసార్లూ పెట్రోలు బంకులో, ఏటవాలు మీద, బండి ఆపిన మరుక్షణం. నూనె ఇంకా కిందికి దిగనే లేదు, పైగా తుడవకుండా చూడ్డం. మీరేదో చెప్పారు, నేనేదో విన్నాను. ఈసారి చదునైన చోట ఆపి, పది నిమిషాలాగి, పాత బనీను ముక్కతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, కేలండరు వెనక రాసుకున్నాను. 1000 కిలోమీటర్లకి 700 మిల్లీలీటర్లు. రాత్రి కారు కింద అట్టముక్క పరిచాను, చుక్క పడలేదు. అంటే కారడం లేదు, కాలుతోంది.

ముసలాయన మమ్మల్ని ఆర్.ఉదయగిరి ఘాటీకి తోలాడు. నేను స్టీరింగు, బావమరిది వెనక మోటారు సైకిలు మీద పొగ పరిశీలకుడు. ఎక్కుడులో ఇంజను రొప్పుతున్నా పొగ లేదు. రింగులు పోతే అక్కడే రావాలట. దిగుడులో యాక్సిలరేటరు వదిలి గేర్లో దిగి, కిందికొచ్చాక తొక్కగానే బావమరిది మొహం నిండా నీలం పొగ! కాలు తీసినప్పుడు ఇంజను గట్టిగా పీలుస్తుంది. వాల్వు కాడల చుట్టూ నూనెని ఆపే రబ్బరు సీళ్లు ఎండిపోతే ఆ పీల్పుకి నూనె లోపలికి జారుతుంది. పొద్దున్న స్టార్టు చేయగానే ఒక బుస్సు వచ్చేదీ అందుకే, రాత్రంతా బొట్లు బొట్లుగా దిగినది.

అయినా ఆయన తొందరపడలేదు. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్, అంటే పిస్టను గాలిని నొక్కే ఒత్తిడి, చూశాడు. చెంచాడు నూనె పోసి మళ్లీ చూశాడు. రింగులు అరిగితే నూనె పడగానే ఒత్తిడి చూపే ముల్లు లేవాలి, లేవలేదు. పీసీవీ వాల్వు (ఇంజను అడుగున చేరే ఆవిర్లని మళ్లీ ఇంజన్లోకే పంపే చిన్న కవాటం) పీకి చెవి దగ్గర ఊపాడు. గలగలమనాల్సింది, జిడ్డు పట్టి మౌనవ్రతంలో ఉంది.

హెడ్ విప్పలేదు, ఇంజను దించలేదు. ప్లగ్గు బొక్కలోంచి మెత్తటి నైలాను తాడు లోపలికి తోసి, పిస్టను పైకి తిప్పాడు. తాడు ఉండై వాల్వులు కింద పడకుండా పట్టింది. ఉట్టితాడు తెలుసు, పలుపుతాడు తెలుసు, వాల్వులు మోసే తాడు అక్కడే చూశాను. పైనుంచి వాల్వు స్ప్రింగులు విప్పి, పాత సీళ్లు తీసి నా అరచేతిలో పెట్టాడు. నొక్కితే అప్పడంలా పటుక్కుమన్నాయి. కొత్త సీళ్లు, కొత్త పీసీవీ, కూలీ, మొత్తం ఏడువేల లోపు.

తరవాతి వెయ్యికి మీరు చూపించింది వంద మిల్లీలీటర్లు కూడా లేదు. నమ్మక మూడుసార్లు తుడిచి చూశాను, మన్నించండి.

ఇట్లు,
మీ వాడు

తా.క. డిక్కీలో మిగిలిన ఆయిల్ కుట్టు మిషనుకి పోసుకుంటానని మా ఆవిడ అడుగుతోంది. వద్దన్నాను. ‘ఇంజను దించాలని మీకు చెప్పింది కూడా ఇలాగే కదా, చూడకుండా’ అంటోంది.