నోరు తిరగని పిల్లవాడు

కిందటి ఉగాది నాటకంలో పన్నెండేళ్ళ పాప ఒకటి "అమ్మా, నా కళ్ళు మండుతున్నాయి" అనాల్సింది, "కల్లు" అంది. హాలంతా గొల్లున నవ్వింది. పాప మిగతా మాటలు నేల చూస్తూ అప్పజెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఈ ఏడు పేరివ్వలేదు. అడిగితే వాళ్ళమ్మ "వద్దంటోందండీ" అని ఊరుకున్నారు. నాకు మాత్రం ఒక నటుడి సంగతి చెప్పక తప్పదనిపించింది.

క్లాడ్ రెయిన్స్ 1889లో లండన్‌లో పుట్టాడు. బొటాబొటీ సంసారం. చిక్కటి కాక్నీ యాస, అంటే లండన్ బీదవాడల యాస, దానికి తోడు నత్తి. అసలు పేరు విలియం క్లాడ్ రెయిన్స్. పేరు అడిగితే విల్లీ రెయిన్స్ అనబోయి 'విల్లీ వెయిన్స్' అనేవాడట, 'ర' పలకక. చిన్నతనంలోనే నాటకాల్లో చేరి, హేమార్కెట్‌లోని హిజ్ మెజెస్టీస్ థియేటర్లో కాల్ బాయ్ అయ్యాడు. అంటే గదిగదికీ వెళ్ళి తలుపు తట్టి, మీ సీను వస్తోంది రండి అని నటుల్ని పిలిచే కుర్రాడు. తర్వాత ప్రాంప్టర్, అంటే నటులు మాట మరిచిపోతే పక్కనుంచి అందించేవాడు. వింగ్‌లో పుస్తకం పట్టుకుని నిలబడేవాడికి నాటకం మొత్తం చెవిలో పడుతుంది. ఏ నటుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ ఆగితే జనం ఉలిక్కిపడతారో రాత్రి రాత్రికీ వినాల్సిందే. అంతకు మించిన బడి ఉంటుందని నేననుకోను.

ఆ థియేటర్ నడిపినవాడు హెర్బర్ట్ బీర్బోమ్ ట్రీ. రాడా అని పిలిచే లండన్ నటనా కళాశాలకు 1904లో పునాది వేసిందీ ఆయనే. ఈ కుర్రాడిలో సరుకుందని పసిగట్టి, ఉచ్చారణ పాఠాలకూ పుస్తకాలకూ తన జేబులోంచి డబ్బిచ్చాడు. నోరు విప్పగానే మనిషి ఏ వీధివాడో లెక్కగట్టే ఊళ్ళో అది చిన్న సాయం కాదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు తగిలి రెయిన్స్ కుడికంటి చూపు దాదాపు పోయింది. తిరిగొచ్చి, ఒకప్పటి ఆ నత్తి పిల్లవాడే రాడాలో పాఠాలు చెప్పాడు. జాన్ గీల్గుడ్, చార్లెస్ లాటన్ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. నలభై దాటాక, 1933లో, 'ది ఇన్విజిబుల్ మ్యాన్'. చివరి క్షణాల్లో తప్ప ముఖమే కనిపించదు. సినిమా అంతా గొంతు మీదే నిలబడింది! 1943లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' సినిమాలో ఫాంటమ్ వేషమూ వేశాడు. తాను తలుపులు తట్టిన ఆ థియేటర్లోనే 1986లో అదే కథతో పాటల నాటకం మొదలైంది.

మన ఉగాది నాటకాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. వేషం ఇచ్చేముందు పిల్లల్ని ప్రాంప్టింగ్‌కి పెట్టండి. తెలుగు చదవడం రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వండి. రిహార్సల్స్ అయ్యేసరికి నాటకమంతా వాళ్ళ నోటికి వచ్చేస్తుంది. స్టేజీ అలంకరణకు పోసే డబ్బులో కొంత తీసి, ళ, ణ ఓపిగ్గా పలికించే ఒక టీచరమ్మకు ఇవ్వండి. నాలుక వెనక్కి మడిచి అంగిలికి తగిలించాలని ఆ పిల్లలకు మనలో ఎవరం చెప్పాం? నీళ్ళు, వేళ్ళు, కాళ్ళు అని రోజూ పది నిమిషాలు అనిపిస్తే చాలు, వస్తుంది.

ఈ ఆదివారం ఆ పాప వాళ్ళింటికి వెళ్తున్నాను. వేషం సంగతి ఎత్తను. రిహార్సల్‌కి వచ్చి నా పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుంటావా అని అడుగుతాను.