వేళ్లు కొలిచింది చాలు, పసివాడి బీజాలు చూడండి

ఉంగరం వేలు చూపుడువేలి కంటే పొడుగుంటే తల్లి కడుపులోనే మగతనం దండిగా పట్టిందని ఏదో రీల్ చెప్పిందట. తిరుపతి కుర్రోళ్లు స్కేళ్లు తీసుకుని కూర్చున్నారు. అది వందలమంది సగటులో కనిపించే చిన్న తేడా. ఒక్కడి చెయ్యి చూసి వాడి కాపురం గురించి చెప్పగలిగేది సున్నా.

కడుపులో జరిగేది మాత్రం తేలిగ్గా తీసేసేది కాదు. వృషణం, అంటే బీజం, ఏర్పడ్డాక, సుమారు 8 నుంచి 14 వారాల మధ్య అది వదిలే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌తోనే అంగం, మూత్రరంధ్రం, బీజాల సంచి రూపు దిద్దుకుంటాయి. అప్పుడు హార్మోన్ చాలకపోతే మూత్రరంధ్రం కొనదాకా రాక కిందనే ఆగిపోవచ్చు, బీజం సంచిలోకి దిగకపోవచ్చు, పెద్దయ్యాక వీర్యకణాలు తగ్గచ్చు. వీటన్నిటికీ వేరు ఒకటేనని డెన్మార్క్ శాస్త్రవేత్త స్కాకెబెక్ బృందం 2001లో ప్రతిపాదించింది. ఎలుకల్లో రుజువులు గట్టిగా ఉన్నాయి, మనుషుల్లో ఇంకా వాదన నడుస్తోంది.

నెల తప్పిందని తెలిసేసరికే 5, 6 వారాలు అయిపోతాయి. పురుగుమందుల్లో కొన్ని ఈ హార్మోన్‌కి అడ్డుపడతాయి. అందుకే చిత్తూరు వైపు మామిడి పూతకి మందు కొట్టే రోజుల్లో, బిడ్డ కోసం చూస్తున్న ఆడమనిషి చేత మందు కలిపించడం, స్ప్రే కొట్టొచ్చిన బట్టలు ఉతికించడం మానండి. ఇక ‘మగబిడ్డ మందు’ అమ్మేవాళ్లను గడప తొక్కనివ్వకండి. ఆడో మగో కడుపు పడినప్పుడే తేలిపోయింది. హర్యానాలో ఇలాంటి మందులు పరీక్షిస్తే కొన్నింటిలో టెస్టోస్టెరాన్ దొరికింది.

అసలు చేతిలో ఉన్న పని ఇంకోటుంది, దాన్నే ఎవరూ పట్టించుకోరు. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి 2 నుంచి 4 మందికి బీజం కిందికి దిగి ఉండదు. వేన్నీళ్ల స్నానం అయ్యాక, చేతులు వెచ్చజేసుకుని, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు విప్పార్చి, గజ్జల నుంచి సంచి వైపు వేలితో మెల్లగా జరుపుతూ చూడండి. చలికి పైకెళ్లి వెచ్చదనానికి దిగేదైతే ఆపరేషన్ అక్కర్లేదు, ఏడాదికోసారి చూపిస్తే చాలు. 6 నెలలకీ దిగకపోతే పిల్లల సర్జన్ దగ్గరికే పోవాలి. స్కాన్ రాయించుకుని తిరగడం దండగ, కనబడకపోయినంత మాత్రాన లేదని కాదు. ఆపరేషన్ 18 నెలల్లోపు అయిపోవాలి. ఆలస్యమైతే లోపలే ఉండిపోయిన బీజంలో ఒంటి వేడికి వీర్యాన్ని తయారుచేయాల్సిన కణాలు నశిస్తాయి, క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. ‘వాడే దిగుతాడులే’ అనే అవ్వల మాట 6 నెలల దాకే చెల్లుతుంది. రెండూ చేతికి తగలకపోతే, లేదా ఒకటి తగలక మూత్రరంధ్రం కూడా కిందుంటే, పుట్టిన వెంటనే చూపించండి. మూత్రరంధ్రం తేడా ఉన్న బిడ్డకి సున్తీ చేయించకండి, ఆ చర్మంతోనే సర్జన్ సరిచేస్తాడు.

నలభైల్లో అంగస్తంభన తగ్గిందని లాడ్జి గదిలో కూర్చునే ‘స్పెషలిస్టు’కి వేలు పోసేవాళ్లకొక మాట. దానికి మీ అమ్మ గర్భాన్ని తవ్వక్కర్లేదు. పరగడుపు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, పొద్దున 11 లోపు తీసిన టెస్టోస్టెరాన్ చూపించుకోండి. చిన్నప్పుడు రెండువైపులా బీజాల ఆపరేషన్ అయినవాళ్లు పిల్లల కోసం ఏళ్లు ఎదురుచూడకుండా, 2 నుంచి 7 రోజులు వీర్యం పోకుండా ఆగి ముందే వీర్యపరీక్ష చేయించుకోండి.